డాలీ పార్టన్ పావలా వాటా ఇవ్వనన్న కథ

మీరు అడిగింది ఇదీ: మీ చెల్లెలు జానపద శైలిలో పాటలు సొంతంగా రాసి, బాణీ కట్టి పాడుతుంది. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు పాటకు ఇంత అని చేతిలో పెట్టి అన్ని హక్కులూ రాసివ్వమంటున్నారు. అమెరికాలో డాలీ పార్టన్ అనే కంట్రీ గాయని ఒక్క పాట మీదే కోట్లు సంపాదించిందని ఎక్కడో చదివారు. పల్లె పాటలు పాడే మనిషికి అంత పెద్ద కెరీర్ ఎలా కుదిరింది అని మీ సందేహం.

పాటల హక్కుల లెక్కలు చూడటమే 22 ఏళ్లుగా నా పని. మొదట చెన్నైలో, ఆ తరవాత అమెరికాలో కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో. ఈ ఊళ్లో ఎవరిని కదిలించినా డాలీ గురించి ఒక కథ చెబుతారు. ఆవిడ కథ తెలిస్తే మీ చెల్లి ముందున్న ఆ కాగితాన్ని మీరు ఇంకోలా చదువుతారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు కంట్రీ అంటే ఏమిటో రెండు ముక్కలు. అమెరికా దక్షిణాది కొండల్లో, పొలాల్లో స్థిరపడినవాళ్లు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి తెచ్చుకున్న కథాగేయాలు, ఫిడేలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల బాంజో, చర్చి పాటలు, ఇవన్నీ కలిసి పుట్టిన సంగీతం అది. 1920ల్లో రేడియో, గ్రామఫోను వచ్చాక వ్యాపారమైంది. నాష్‌విల్‌లో 1925లో మొదలైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' రేడియో కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. మన జానపదానికీ దానికీ పోలిక ఉంది కానీ ఒక తేడా ముఖ్యం. జానపదానికి సాధారణంగా కర్త పేరుండదు. కంట్రీ పాటకు ఉంటుంది, డబ్బంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది.

డాలీ 1946 జనవరి 19న టెన్నెసీలోని సెవియర్ కౌంటీలో, స్మోకీ కొండల దగ్గర పుట్టింది. 12 మంది పిల్లల్లో నాలుగోది. తండ్రి పొగాకు పండించే రైతు, చదవడం రాయడం రాదు. కాన్పు చేసిన డాక్టరుకు ఫీజు కింద ఆ ఇంట్లోవాళ్లు ఇచ్చింది ఒక మొక్కజొన్న పిండి మూట. ఆవిడ పేరు మీద పీజన్ ఫోర్జ్ ఊళ్లో ఉన్న 'డాలీవుడ్' అనే పార్కులో వాళ్ల పాత ఇంటికి అచ్చు నమూనా కట్టి పెట్టారు. కట్టింది తమ్ముడు బాబీ, లోపల సామాను సర్దింది తల్లి ఏవీ లీ. నేను మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలు జెయింట్ వీల్ కోసం లాగుతుంటే కూడా ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. గోడలకు పాత వార్తాపత్రికలు, పక్కపక్కనే ఇరుకుగా మంచాలు. మా అమ్మమ్మగారింట్లో చూరు కింద పడుకున్న వేసవి రాత్రులు గుర్తొచ్చాయి.

పాట తల్లి వైపు నుంచి వచ్చింది. మేనమామ బిల్ ఓవెన్స్ ఎనిమిదేళ్ల పిల్లకు గిటారు తెచ్చిచ్చాడు. ఆయనే వెంటబెట్టుకుని ఊళ్లు తిప్పాడు. పదేళ్లకే నాక్స్‌విల్‌లో కిరాణా దుకాణాల యజమాని క్యాస్ వాకర్ నడిపే రేడియో, టీవీ కార్యక్రమంలో పాడేది. 13 ఏళ్లప్పుడు అమ్మమ్మతో బస్సెక్కి, ఒకటిన్నర రోజు దాకా ప్రయాణం చేసి, లూసియానాలోని లేక్ చార్లెస్‌లో మొదటి రికార్డు ఇచ్చి వచ్చింది. ఆ పాట మేనమామా, మేనకోడలూ కలిసి రాసుకున్నదే. ఇది గుర్తుపెట్టుకోండి, మొదటి రికార్డు నాటికే ఆవిడ రచయిత్రి.

1964లో హైస్కూలు అయిపోయిన మర్నాడే నాష్‌విల్ బస్సెక్కింది. దిగిన రోజే మాసిన బట్టలు పట్టుకుని లాండ్రీకి వెళ్తే అక్కడ కార్ల్ డీన్ పరిచయమయ్యాడు. రెండేళ్ల తరవాత పెళ్లి. రోడ్లకు తారు వేసే వ్యాపారం ఆయనది. కెమెరాల ముందుకు రాకుండానే 2025లో చనిపోయేదాకా ఆవిడ పక్కనే ఉన్నాడు.

గాయనిగా మాత్రం మొదట్లో నడవలేదు. గొంతు మరీ పీలగా, చిన్నపిల్లలా ఉంది, కంట్రీకి పనికిరాదు అనుకుని రికార్డు కంపెనీ వాళ్లు పాప్ పాటలు పాడించారు. ఒక్కటీ నిలబడలేదు. ఇంతలో 1966లో ఆవిడా మేనమామా కలిసి రాసిన ఒక పాటను బిల్ ఫిలిప్స్ అనే గాయకుడు పాడితే కంట్రీ చార్టులో, అంటే హిట్ పాటల జాబితాలో, మొదటి పదిలోకి వెళ్లింది. వెనక వంతపాడిన ఆ ఆడగొంతు ఎవరిదని రేడియో వాళ్లు ఆరా తీశారు. అప్పుడు గానీ కంపెనీ కంట్రీ పాడనివ్వలేదు. అంటే గాయని కోసం తలుపు తీసింది రచయిత్రి. ఆ రోజుల్లోనే మామా కోడలూ ఓవెన్స్, పార్టన్ అనే తమ ఇంటిపేర్ల ముక్కలు కలిపి 'ఓ-పార్' అని, పాటల హక్కులు చూసుకుని వాటి మీద డబ్బు వసూలు చేసే సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నారు. చేతిలో అద్దె డబ్బులు కూడా సరిగా లేని మనుషులు పెట్టుకున్న కంపెనీ అది. నాకు మాత్రం ఆవిడ జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని అదే అనిపిస్తుంది.

ఎందుకో చెప్పాలంటే డబ్బు దారి చెప్పాలి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి రాసిన పాట, అంటే సాహిత్యమూ బాణీ. రెండోది ఎవరో ఒకరు స్టూడియోలో పాడిన రికార్డింగ్. రికార్డింగ్ కంపెనీది, పాట రచయితది. ఒకే పాటను పదిమంది పాడితే పది రికార్డింగులు అవుతాయి, పాట మాత్రం ఒకటే. పాట మీద వచ్చే రూపాయిలో అర్ధరూపాయి రచయిత వాటా, అర్ధరూపాయి పబ్లిషర్ వాటా అని అక్కడి ఆనవాయితీ. పబ్లిషర్ ఎవరో పరాయివాడైతే సగం అక్కడే పోతుంది. రచయితే పబ్లిషర్ అయితే రూపాయి రూపాయిగా ఇంటికొస్తుంది. ఇంకో వింత కూడా ఉంది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియో స్టేషన్లు పాట వేసినందుకు పాడినవాళ్లకు ఈ రోజుకీ పైసా ఇవ్వవు, రాసినవాళ్లకూ పబ్లిషర్‌కూ మాత్రమే ఇస్తాయి. పక్క దేశాలవాళ్లకు వింతగా ఉంటుంది కానీ చట్టం అలాగే ఉంది.

1967లో పోర్టర్ వాగనర్ పిలిచాడు. తళుకుల రాళ్లు కుట్టిన సూట్లు వేసుకుని వారం వారం టీవీలో వచ్చే పెద్ద స్టార్ ఆయన. ఆయన పక్కన అంతకుముందు పాడిన నార్మా జీన్ అంటే జనానికి ప్రాణం. డాలీ స్టేజీ ఎక్కితే నార్మా జీన్ ఏదని అరిచేవాళ్లు. పోర్టరే ఆవిణ్ని ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో చేర్పించాడు. నష్టం వస్తే తన రాబడిలో కోసుకోమన్నాడని చెబుతారు. అయిదేళ్లు ఉంటానని చేరి ఏడేళ్లు ఉంది. ఊరూరా తిరిగే ఆ బస్సులోనే ఆవిడ రాత పదునెక్కింది.

'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' పుట్టింది ఆ బస్సులోనే, 1969లో. చిన్నప్పుడు తల్లి ఒక పెట్టెడు గుడ్డపీలికలు ఒక్కొక్కటే అతికి కోటు కుట్టింది. కుడుతూ బైబిల్లో జోసెఫ్ రంగురంగుల కోటు కథ చెప్పింది. పిల్ల మురిసిపోతూ వేసుకుని బడికెళ్తే అందరూ నవ్వారు. అదీ పాట. అది తట్టిన క్షణంలో చేతికి కాగితం దొరక్క, పోర్టర్ సూట్లకు కట్టి ఉన్న లాండ్రీ చీటీ తీసి దాని వెనక రాసింది. పేదరికం గురించి ఏడిపించే పాటలు కంట్రీలో కొల్లలు. ఈ పాటలో పిల్ల ఏడవదు. వాళ్లెందుకు నవ్వుతున్నారో అర్థంకాక, అమ్మ చెప్పిన కథ వాళ్లకు చెప్పి చూస్తుంది. అక్కడే ఉంది ఆవిడ చెయ్యి. 1971లో వచ్చిన ఈ పాటను అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

1974 మొదట్లో 'జోలీన్' నంబర్ వన్ అయింది. తన భర్త మీద కన్నేసిన బ్యాంకు ఉద్యోగిని ఒకామె, ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన ఎర్రజుట్టు చిన్నపిల్ల పేరు, ఈ రెండూ కలిపి రాశానని ఆవిడే చెప్పుకుంది.

అప్పటికే పోర్టర్‌తో పొసగడం లేదు. ఆవిడకు వేరుపడాలని, ఆయనకు వదలకూడదని. రోజూ వాదనలే. ఎంత చెప్పినా ఆయన వినే స్థితిలో లేడు. ఒక రాత్రి ఇంటికెళ్లి పాట రాసింది. మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లి, కూర్చోమని చెప్పి, గిటారు మీద పాడి వినిపించింది. నేనుంటే నీకు అడ్డమే, అందుకే వెళ్తున్నాను, నీకు అన్నీ మంచే జరగాలి, నిన్ను ఎప్పటికీ ప్రేమిస్తూనే ఉంటాను అని సారాంశం. పోర్టర్ ఏడ్చేశాడు. ఈ రికార్డు నన్ను చేయించనిస్తే వెళ్లు అన్నాడు. అదే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. లోకమంతా ప్రేమికుల పాట అనుకునేది నిజానికి ఒక ఉద్యోగి యజమానికి పాడిన వీడ్కోలు. 1974లో అది కూడా కంట్రీ నంబర్ వన్.

ఇక మీరు చదివిన కోట్ల కథ. రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట పాడతానన్నాడు. అంతకన్నా ఏం కావాలి! స్టూడియోకు రమ్మని ఆవిడకు పిలుపు కూడా వచ్చింది. రికార్డింగుకు ముందు ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, పబ్లిషింగ్‌లో సగమన్నా రాసివ్వకపోతే ఎల్విస్ ఏ పాటా పాడడు అన్నాడు. పైన చెప్పిన లెక్కలో చూడండి, పబ్లిషింగ్‌లో సగమంటే రూపాయిలో పావలా. ఎల్విస్ నోట పడితే మిగిలిన ముప్పావలా ఎంత పెద్ద మొత్తమవుతుందో ఊహించుకోండి. చుట్టూ ఉన్నవాళ్లందరూ పిచ్చిదానివా అన్నారు. ఆవిడ కుదరదంది. ఇది నా వాళ్లకు మిగలాల్సినది అని ఆవిడ లెక్క. ఆ రాత్రంతా ఏడ్చానని తరవాత ఎన్నోసార్లు చెప్పింది. ఎల్విస్ ఆ పాట రికార్డు చెయ్యకుండానే 1977లో పోయాడు.

అప్పుడు ఆవిడ వయసు ముప్పై కూడా లేదు. ఆ ఏడుపు నిజమైన ఏడుపే. ముందేం జరగబోతోందో తెలిసి తీసుకున్న నిర్ణయం కాదది.

1982లో ఒక సినిమా కోసం ఆవిడే మళ్లీ పాడితే మళ్లీ కంట్రీ నంబర్ వన్ అయింది. 1992లో 'ద బాడీగార్డ్' సినిమాకు పాప్ గాయని విట్నీ హ్యూస్టన్ పాడింది. కారు నడుపుతుండగా రేడియోలో ఆ గొంతు విని, బండి ఎక్కడ గుద్దేస్తానో అనిపించి పక్కకు ఆపానని డాలీ చెప్పింది. ఆ పాట అమెరికా ప్రధాన చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆల్బమ్ ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అమ్ముడైన ప్రతి కాపీ మీదా ఆ పాటకు ఇన్ని సెంట్లు అని లెక్క, రేడియోలో పడ్డ ప్రతిసారీ ఇంకో లెక్క. రేడియో డబ్బు పాడిన విట్నీకి రాదు, రాసిన డాలీకి వస్తుంది. 1990ల్లో ఆ ఒక్క పాట నుంచి కోటి డాలర్ల దాకా వచ్చిందని ఫోర్బ్స్ పత్రిక అంచనా. అందులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేటలో దుకాణాల సముదాయం కొన్నానని, అది విట్నీ కట్టించిన ఇల్లని 2021లో ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పింది. అమెరికా చట్టం ప్రకారం ఆ పాట హక్కు 2060ల చివరిదాకా ఉంటుంది.

నా చెన్నై రోజుల్లో మొబైల్ రింగ్‌టోన్లు కొత్తగా ఊపందుకున్నాయి. ఒక పెద్దాయన, తెలుగు పాటల రచయిత, మా ఆఫీసుకొచ్చాడు. బస్సులో పక్క సీటు కుర్రాడి ఫోన్లో నా పాట మోగింది బాబూ, దీని మీద నాకేమన్నా వస్తుందా అని అడిగాడు. ఫైలు తీశాను. ఒకే ఒక్క పేజీ. 1,500 రూపాయలు పుచ్చుకుని సమస్త హక్కులూ శాశ్వతంగా ఇస్తున్నట్టు కింద ఆయన సంతకం, అది కూడా గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ కాగితం ఆయన చేతికివ్వలేక టీ తెప్పించాను. టీ తాగి, పాట బాగుందన్నాడు ఆ కుర్రాడు అని చెప్పి వెళ్లిపోయాడు. డాలీ పావలా కథ నేను ఎన్నిసార్లు విన్నా నాకు ఆయనే గుర్తొస్తాడు.

మిగిలిన కెరీర్ త్వరగా చెబుతాను. 1977లో వేరేవాళ్లు రాసిన ఒక పాప్ పాటతో పాప్ చార్టులోకి దూకింది. కంట్రీ వదిలేసిందని తిట్టినవాళ్లకు, వదలడం లేదు, వెంట తీసుకెళ్తున్నానని జవాబిచ్చింది. ఆ రికార్డులో కంట్రీకి గుర్తులాంటి స్టీల్ గిటారు ఉండాల్సిందేనని నిర్మాతతో పట్టుబట్టింది కూడా. 1980లో 'నైన్ టు ఫైవ్' సినిమాలో నటిస్తూ, షూటింగు ఖాళీల్లో తన పొడుగాటి గోళ్లను ఒకదానికొకటి రాపాడిస్తే టైప్‌రైటర్ చప్పుడులా వినబడిందట. ఆ చప్పుడు తాళంగా పాట కట్టింది. రికార్డింగులో కూడా ఆ గోళ్లు వాయించింది. అది అమెరికా పాప్, కంట్రీ చార్టులు రెండిట్లోనూ నంబర్ వన్.

ఆ తరవాత దెబ్బలు. 1980ల మొదట్లో ఆరోగ్యం పాడైంది, మనసు కుంగింది. 1986లో ఆర్‌సీఏ ఒప్పందం ముగిసింది, మళ్లీ రాసుకోలేదు. 1987లో మొదలైన టీవీ షో ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 1990ల్లో కంట్రీ రేడియో కుర్రవాళ్ల వైపు తిరిగి, నలభై దాటిన ఆడగొంతుల్ని పక్కన పెట్టేసింది. చాలామంది గాయనుల కెరీర్ ఇక్కడే ముగుస్తుంది. పాటలు సొంతవి కాకపోయుంటే డాలీది కూడా ఇక్కడే ముగిసేదని నా నమ్మకం. రేడియో వేసినా వెయ్యకపోయినా పాత పాటలు ఇల్లు నడిపాయి. అందుకే ఎవరి మాటా వినాల్సిన పని లేక, 1999లో ఒక చిన్న కంపెనీ నుంచి తన కొండల సంగీతమైన బ్లూగ్రాస్ అనే కంట్రీ శైలిలో ఆల్బమ్ తెచ్చింది. దానికి గ్రామీ వచ్చింది. కొత్తవాళ్లకు ఏ ఆల్బమ్ వినమంటారని ఎవరడిగినా నేను మొదట చెప్పేది అదే. 60 ఏళ్ల వయసులో, 2006లో, ఇంకో గాయకుడితో కలిసి మళ్లీ కంట్రీ నంబర్ వన్ అందుకుంది.

1986లో ఒక పాత పార్కులో భాగస్వామిగా చేరి దానికి డాలీవుడ్ అని తన పేరు పెట్టించింది. ఇప్పుడు ఆ కౌంటీలో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది అదే. 2016లో ఆ కొండల్లో కార్చిచ్చు రేగి వందల ఇళ్లు కాలిపోతే, ఇల్లు పోయిన కుటుంబాలకు నెలకు కనీసం 1,000 డాలర్ల చొప్పున ఆరు నెలలు ఇప్పించింది. 2020లో కరోనా పరిశోధనకు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి 10 లక్షల డాలర్లిచ్చింది. మోడర్నా టీకా పరిశోధనకు అది కొంత సాయపడింది. 1995లో సెవియర్ కౌంటీ పిల్లలకు పుట్టినప్పటి నుంచి అయిదేళ్లు వచ్చేదాకా నెలకో పుస్తకం ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడది అయిదు దేశాల్లో ఉంది, పంపిన పుస్తకాలు 20 కోట్లు దాటాయి. చదువురాని తండ్రి కోసమే ఇది మొదలుపెట్టానంటుంది. సెవియర్‌విల్ కోర్టు ముందు ఆవిడ కంచు విగ్రహం ఉంది. ఆ తండ్రి రాత్రిపూట సబ్బునీళ్ల బకెట్ వ్యానులో వేసుకొచ్చి, పిట్టలు పాడుచేసిన కూతురి విగ్రహాన్ని ఎవరూ చూడకుండా కడిగి వెళ్లేవాడట.

పోర్టర్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన్ని దుర్మార్గుడు అనుకుంటారు. వెళ్లిపోయాక 1979లో ఆవిడ మీద 30 లక్షల డాలర్లకు దావా వేశాడు, కోర్టు బయట రాజీ అయింది. ఆ తరవాత ఇద్దరూ కలిశారు. 2007లో ఆయన ఆప్రీలో చేరి 50 ఏళ్లయిన వేడుక జరిగితే డాలీ వచ్చి అదే వీడ్కోలు పాట ఆయనకే పాడింది. ఆ ఏడాదే ఆయన పోయాడు.

ఇప్పుడు మీ చెల్లి కాగితం. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. సినిమా పాటయినా, విడి పాటయినా సరే, రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ హక్కులు అమ్మేసినా రాయల్టీలో సమాన వాటా వాళ్లకు ఉంటుంది. దాన్ని వారసులకో, రాయల్టీ వసూలు చేసే సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. వదులుకున్నానని సంతకం పెట్టినా చెల్లదు. ఎంతకాలానికో కాగితంలో లేకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో లేకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతుంది. అందుకే ఛానళ్లవాళ్లు శాశ్వతంగా, ప్రపంచమంతటా అని తప్పకుండా రాయిస్తారు. రికార్డింగ్ వాళ్లది కావడంలో తప్పులేదు, స్టూడియో, వీడియో ఖర్చు వాళ్లు పెడుతున్నారు కదా. సాహిత్యమూ బాణీ కూడా అదే వాక్యంలో కలిపేశారా అన్నది చూడాలి. కలిపితే విడదీసి రాయమని, కాలం అయిదేళ్లో పదేళ్లో పెట్టమని అడగండి. పల్లవి ఊళ్లో తరతరాలుగా ఉన్నదైతే అది మీ చెల్లిది కాదు, ఛానల్‌దీ కాదు. తను కొత్తగా రాసిన చరణాలూ, కొత్త బాణీ మాత్రమే తనవి. అవి ఏ తేదీన రాసిందో వేసి పెట్టుకోమనండి. పాట బయటికి రాకముందే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని పాట నమోదు చేయించండి, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసే సొసైటీ అదే.

హక్కుల బదలాయింపు అని ఉన్న పేరా ఫోటో తీసి, పేర్లూ మొత్తాలూ కప్పేసి ఇక్కడ పెట్టండి. చదివి ఏ మాట మార్చమనాలో చెబుతాను. అప్పటిదాకా సంతకం పెట్టొద్దనండి.